లంగరు గది కంప్యూటర్ లేవనన్న వారం

సోమవారం

గాలి ఆగ్నేయం నుంచి, మెల్లగా. నీటి మట్టం మామూలే. తాళ్ల బిగువు తెలియదు.

ఈ దినచర్యలో "తెలియదు" అని రాయడం నాకిదే మొదటిసారి. రోజూ పొద్దున్నే లంగరు గది తలుపు తీసి, కంప్యూటర్ తెర మీద పన్నెండు తాళ్ల బిగువు చూసి, ఇక్కడ రాసి, ఆ తర్వాత తోటకూర పెంచే తెప్పకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోవడం నా పని. ఈరోజు తెర నల్లగా ఉంది. కింద పెట్టెలో ఫ్యాను చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోతే గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియనే తెలియదు. నాకు ఊహ వచ్చిన దగ్గర్నుంచి అది ఆగింది లేదు.

ఎలా ఆగిందో మాత్రం అందరికీ తెలుసు. నేను పళ్లు తోముకుంటుండగా సోలార్ పలకల దగ్గర పిడుగు పడింది. నీళ్ల మీద తేలే మా లంకంతా దీపాలు ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. అన్నీ వెలిగాయి గానీ ఇదొక్కటే వెలగలేదు.

బటన్ నొక్కాను. మర్యాదగా ఒకసారి, గట్టిగా ఒకసారి, నొక్కిపట్టి ఇంకోసారి. ఉలుకూ పలుకూ లేదు.

చెవిలో పెట్టుకున్న మాట్లాడే యంత్రం వాణిని అడిగాను. ఈ వస్తువు నా పట్టికలో లేదు, దీన్ని సరుకుల పడవకి అప్పగించి కొత్తది తీసుకోండి అంది. దాని తప్పు కాదు. ఇప్పటి యంత్రాలకు మూతలుండవు, మరలుండవు, పాడైతే పడవకి ఇచ్చేసి కొత్తవి తెచ్చుకుంటాం. వాణికి తెలిసిన లోకం అదే. నేను ఉసూరుమనేసరికి అది జాలిపడి, అడక్కుండానే పీతల కూరలో చింతపండు ఎంత వేయాలో చెప్పింది.

మా ఊరిపెద్ద ఆదివిష్ణు గారికి కబురు పెట్టాను. భుజం మీద తువ్వాలుతో, తినే ఇడ్లీ చేతిలోనే పెట్టుకుని వచ్చారు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, ప్లగ్గు పెట్టే ఉందా అని అడిగారు. అవమానంగా అనిపించినా వంగి చూశాను. పెట్టే ఉంది. ఆ ప్లగ్గులో కరెంటు వస్తోందా అన్నారు. మా ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి అక్కడే పెడితే గిర్రున తిరిగింది. అయితే వైరు పోయి ఉంటుందన్నారు. అలాంటి మూతి ఉన్న వైరు లంక మొత్తంలో బడి వంటగదిలో అన్నం వండే కుక్కరుకే ఉంది. దాన్ని పీకి తెచ్చాం. పిల్లలు మధ్యాహ్నం మరమరాలు తిని, రోజూ ఇలాగే ఉంటే బాగుండునన్నారట. కంప్యూటర్ మాత్రం కదల్లేదు.

సాయంత్రం అందరి చెవుల్లోనూ వాణి ఒకేసారి చెప్పింది. బంగాళాఖాతంలో తుపాను పుట్టింది, శనివారానికి మన మీదికి వస్తుంది అని.

నేను ఆదివిష్ణు గారి ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశారు. తుపాను వస్తే నీళ్లు పైకి లేస్తాయి. లంకను కింద లంగర్లకు కట్టి ఉంచే తాళ్లు బిగువుగా ఉంటే, నీటితో పాటు లంక లేవలేదు. అంచులు మునుగుతాయి, లేదా తాళ్లు తెగి సముద్రంలోకి పోతాం. తుపాను ముందు, ఆ తాళ్లు చుట్టుకుని ఉండే పన్నెండు డ్రమ్ములూ ఒకేసారి, ఒకే వేగంతో తిరిగి తాళ్లు వదలాలి. ఆ డ్రమ్ములు వినేది ఈ కంప్యూటర్ మాట ఒక్కటే.

మంగళవారం

గాలి నిన్నటిలాగే. తాళ్ల బిగువు ఈరోజూ తెలియదు.

పేరయ్య మాస్టారు వచ్చారు. లంకలో అందరికంటే పెద్దాయన. వాళ్ల నాన్నగారికి ఒకప్పుడు, ఊరు ఇంకా నేల మీద ఉన్నప్పుడు, కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేదట. చిన్నప్పుడు ఆ షాపులో కూర్చుని అంతా చూసేవాణ్ణని చెప్పారు. అంతా అంటే ఏమిటండీ అని అడిగితే, కొంచెం ఆలోచించి, ఎక్కువగా కంప్యూటర్లో పేకాట చూసేవాణ్ణన్నారు. అయినా ఆయన ధైర్యంగానే ఉన్నారు. ఆ ధైర్యం మాకూ కొంత అంటుకుంది.

మోటారు బాగుచేసే స్క్రూడ్రైవరుతో పక్క మూత తీశాం. నాకు చెప్పలేనంత భయం వేసింది. నా చెయ్యి ఇంతవరకూ ఏ యంత్రం లోపలికీ వెళ్లలేదు. లోపల దుమ్ము, ఉప్పు కలిసి బూజులా పేరుకుని ఉన్నాయి. ఒక మూల బల్లి కాపురం పెట్టి, మూత తీసినందుకు మమ్మల్ని కోపంగా చూసి, ఫ్యాను వెనక్కి పోయింది. రంగులు వేసే బ్రష్షుతో అంతా నెమ్మదిగా ఊడ్చాను. ఆదివిష్ణు గారు తువ్వాలుతో సాయం చేయబోతే మాస్టారు వద్దన్నారు.

తర్వాత ఆయన రెండు సన్నని పచ్చటి పట్టీలు చూపించి, అవి ర్యాములు, బయటికి లాగి వాటి పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి, మా నాన్న ఏ కంప్యూటర్ వచ్చినా ముందు ఇదే చేసేవాడు అన్నారు. బడి నుంచి రబ్బరు తెప్పించి రుద్దాం. బంగారంలా మెరిశాయి. మళ్లీ పెట్టి, బటన్ నొక్కాం. ఏమీ లేదు. చిన్న నాణెంలాంటి బ్యాటరీ తీసి, తుడిచి పెట్టాం. ఏమీ లేదు. నొక్కిన ప్రతిసారీ గుమ్మం దగ్గర నిలబడ్డ జనం ఊపిరి బిగబట్టేవారు, ఆ తర్వాత అందరూ ఒకేసారి నిట్టూర్చేవారు. చివరికి ఆ నిట్టూర్పుకి మాకే నవ్వొచ్చింది.

డ్రమ్ములు చేత్తో తిప్పొచ్చు కదా అని ఎవరో అడిగారు. తిప్పొచ్చు, పిడులున్నాయి. కానీ ఒకసారి అలా తిప్పినప్పుడు ఒక వైపు వాళ్లు తొందరపడ్డారని, లంక పక్కకి ఒరిగి బడి వంటగది నీళ్లలోకి జారిందని, గిన్నెలు వరసగా తేలుకుంటూ మడ అడవిలోకి పోయాయని ఆదివిష్ణు గారు చెప్పారు. అది తుపాను రోజు కాదు కాబట్టి గిన్నెలతో పోయిందన్నారు.

బుధవారం

గాలి కొంచెం పెరిగింది. ఆకాశం ఇంకా శుభ్రంగానే ఉంది.

పేరయ్య మాస్టారు పొద్దున్నే వచ్చి, తనకి ఇంకో సంగతి గుర్తొచ్చిందన్నారు. గోడ నుంచి కరెంటు నేరుగా లోపలికి పోదు, మూలనున్న ఇనప డబ్బాలోకి పోయి, అక్కడ నెమ్మదించి, రంగురంగుల వైర్లలో లోపలికి వెళ్తుంది. ఆ డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని పెద్ద వైర్ల గుత్తిని ఊడదీసి, అందులో పచ్చ వైరునీ ఒక నల్ల వైరునీ చిన్న తీగముక్కతో కలిపితే, డబ్బా బతికుంటే దాని ఫ్యాను తిరగాలి.

కలిపాను. తిరగలేదు. మాస్టారు వంగి వాసన చూసి, మాడిన వాసన వస్తోందమ్మా అన్నారు. నేనూ చూశాను, వస్తోంది. మూడు రోజుల్లో మొదటిసారి మాకు ఒక సంగతి కచ్చితంగా తెలిసింది. నాకు సంతోషం పట్టలేదు. చచ్చిపోయిన వస్తువు ఏదో తెలిసినందుకు అంత సంతోషించడం ఇదే మొదటిసారి.

కానీ కొత్త డబ్బా ఎక్కణ్ణుంచి వస్తుంది? సరుకుల పడవ తుపాను అయ్యేదాకా రాదు, వచ్చినా అలాంటి వస్తువు తేదు. ఆదివిష్ణు గారు నా వైపు చూడకుండా, పడమటి లంకలో ఉంది కదా అన్నారు.

ఉంది. పడమటి లంక లంగరు గదిలో అచ్చం ఇలాంటి కంప్యూటరే ఉంది. దాన్ని చూసుకునేది మా అక్క భ్రమరాంబ.

ఈ రెండు లంకలూ ఒకప్పుడు ఒకటే. లంగరు గది మా నాన్నది. ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని ఆయన రెండు కంప్యూటర్లు పెట్టుకున్నాడు, మా ఇద్దరికీ పని నేర్పాడు. ఆయన పోయాక ఊళ్లో గొడవ మొదలైంది. సగం మంది లోతు నీళ్లలోకి పోదామన్నారు, అక్కడ తుపాను అల చిన్నగా ఉంటుందని. సగం మంది మడ అడవి పక్కనే ఉందామన్నారు, పీతలూ వంటచెరకూ ఇక్కడే ఉన్నాయని. ఎవరి మాటలోనూ తప్పు లేదు, అందుకే ఎవరూ తగ్గలేదు. చివరికి లంకను మధ్యకి కోసి, వాళ్ల సగం పడమరకి లాక్కుపోయారు. మా బావ వాళ్ల వైపు మనిషి. నీ పీతలతో నువ్వుండు అని అక్క నాతో అన్న మాట, ఆ తర్వాత మేం మాట్లాడుకున్నది లేదు. పడవల్లో ఎదురైతే చెయ్యి ఊపుకుంటాం, అంతే.

పడవ వేసుకుని వెళ్లాను. అక్క తడిగుడ్డతో సోలార్ పలకలు తుడుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"పీతలు తెచ్చావా?" అంది.

"లేదక్కా. కంప్యూటర్ పోయింది."

గుడ్డ ఆగింది. "నాన్నదా?"

"ఆ. పిడుక్కి కరెంటు డబ్బా మాడిపోయింది. నీ దాంట్లోది కావాలి."

అక్క పలక మీద కూర్చుంది. వాళ్ల పెట్టె మొత్తం తెచ్చుకున్నా లాభం లేదని తనకీ తెలుసు, దాంట్లో వాళ్ల తాళ్ల లెక్కలే ఉంటాయి, మా డ్రమ్ములు దాని మాట వినవు. డబ్బా మాత్రమే పనికొస్తుంది. అది ఇవ్వాలంటే వాళ్లు తమ తాళ్లు ముందే వదిలేసుకోవాలి. వదిలిన దగ్గర్నుంచి వాళ్ల లంక పోటుకీ పాటుకీ అటూ ఇటూ ఊగుతుంది. వాళ్ల పక్కన నీళ్లలో మునిగిన పాత ఊరి వాటర్ ట్యాంకు ఉంది, దాని నెత్తి నీటి మట్టానికి కాస్త కిందే ఉంటుంది. లంక దానికి కొట్టుకుంటే అడుగు చీలిపోతుంది.

"ఆ ట్యాంకు సంగతి తెలుసుగా నీకు," అంది.

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చానక్కా. ఇంకెక్కడికెల్లను?"

అక్క గుడ్డ పిండి ఆరేసి, వాళ్ల వాళ్లను పోగు చేసింది. నాకు కొబ్బరి బోండాం ఇచ్చి బయట కూర్చోబెట్టారు. లోపల చాలాసేపు గొంతులు లేచాయి. తూర్పు వాళ్లందరినీ ఇక్కడికే తెచ్చి పెట్టుకుందామని ఒకరన్నారు, ఇంతమంది బరువుకి మనమూ మునుగుతామని ఇంకొకరన్నారు. కోసుకుని విడిపోయాక మనకేం సంబంధమని ఒకాయన అన్నాడు. ఆయన మాటకి అక్క ఏమందో నాకు వినపడలేదు. కానీ తర్వాత ఆయనే వచ్చి ఇంకో బోండాం కొట్టి ఇచ్చాడు.

అక్క బయటికొచ్చింది. "రేపొద్దున్న మా తాళ్లు వదిలేసి డబ్బా తెత్తాను. నీ చేతికివ్వను, నేనే తెత్తాను," అంది.

గురువారం

గాలి తూర్పు నుంచి, విసురుగా. మబ్బు మొదలైంది.

అక్క వచ్చింది. డబ్బాని పాత చీరలో చుట్టి, దాని మీద పాలిథిన్ చుట్టి, ఒళ్లో పెట్టుకుని పడవ మధ్యలో కూర్చుంది. లంకంతా అంచుకి వచ్చి నిలబడింది. మా ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియక, పడవ తాడు ఎలా కట్టాలో మాట్లాడుకున్నాం.

డబ్బా బిగించడం తేలికే. నాలుగు మరలు, ఒక పెద్ద గుత్తి, ఒక చిన్న గుత్తి. బిగించి, గోడ దగ్గర స్విచ్ వేసి, బటన్ నొక్కాను.

ఏమీ లేదు.

ఈసారి గుమ్మంలో ఎవరూ నిట్టూర్చలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పచ్చ వైరూ నల్ల వైరూ కలిపి చూశాం, అక్క తెచ్చిన డబ్బా ఫ్యాను చక్కగా తిరిగింది. అంటే డబ్బా మంచిదే. గుత్తి లోపల పెడితే మళ్లీ చలనం లేదు. కిటికీలోంచి చూస్తే దూరంగా పడమటి లంక మెల్లగా ఒక పక్కకి తిరుగుతోంది. అంచున మనుషులు వెదురు గడలు పట్టుకుని ట్యాంకు వైపు నిలబడి ఉన్నారు. అక్క ఆ కిటికీ వైపు చూడ్డం, వెంటనే ముఖం తిప్పుకోవడం గమనించాను. నా వల్ల వాళ్లూ ఇరుక్కున్నారు.

పేరయ్య మాస్టారు ఒక్కొక్కటీ ఊడదీయమన్నారు. కీబోర్డు, తెర వైరు, ఒక ర్యాము, తర్వాత ఇంకో ర్యాము. తీసిన ప్రతిసారీ నొక్కి చూశాం. చివరికి బల్ల మీద సామాను ఎక్కువ, పెట్టెలో సామాను తక్కువ అయింది. మదర్‌బోర్డు కూడా పోయి ఉంటుందమ్మా అని మాస్టారు చాలా చిన్న గొంతుతో అన్నారు. అది పోతే ఇక చేసేదేమీ లేదు.

ఆదివిష్ణు గారు బయటికి వెళ్లారు. కాసేపటికి డప్పు వినిపించింది. చూస్తే ఒక్కో డ్రమ్ము దగ్గరా ఒక్కో కుటుంబాన్ని నిలబెట్టి, పిడులు పట్టించి, డప్పు దెబ్బకి ఒక చుట్టు తిప్పడం నేర్పిస్తున్నారు. తాళ్లు నిజంగా వదలకుండా ఉత్తుత్తి అభ్యాసం. మొదట ఎవరి చుట్టు వాళ్లదిగా ఉంది. ఒకావిడ ఆగిన ప్రతిసారీ పక్కావిడతో మాట్లాడ్డానికి పిడి వదిలేస్తోంది. సాయంత్రానికి కాస్త కుదిరింది. పన్నెండు డ్రమ్ముల్లో తొమ్మిది ఒకేసారి తిరిగాయి. మిగతా మూడూ కూడా దాదాపు అలాగే తిరుగుతాయని ఆయన నాతో అన్నారు గానీ, ఆ "దాదాపు" దగ్గర ఆయన గొంతు తగ్గింది.

అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. పీతల కూర వండాను. రెండోసారి వడ్డించుకుని, చింతపండు ఎక్కువైందంది. వాణి చెప్పినంతే వేశానన్నాను. వాణికేం తెలుసు, అది పీత తినలేదుగా అంది. ఇన్నేళ్లకి ఇద్దరం కలిసి నవ్వాం.

శుక్రవారం

గాలి తూర్పు నుంచి, గట్టిగా. వాన జల్లులు. రేపు మధ్యాహ్నానికి తుపాను తీరం దాటుతుందని వాణి.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఊడదీసినవన్నీ మళ్లీ పెట్టేద్దామని పొద్దున్నే లంగరు గదికి వెళ్లాం. సామాను అమర్చడం నేను, వైర్లు అందించడం అక్క. అంతా అయ్యాక నేను నొక్కబోతుంటే, అక్క నా చెయ్యి పక్కకి జరిపి తన బొటనవేలితో బటన్ నొక్కింది. తర్వాత మళ్లీ నొక్కింది. మళ్లీ. నాకు చిరాకేసి, నువ్వు నొక్కితే లేస్తుందా అన్నాను.

"అది కాదే. ఇది టక్కుమనడం లేదేంటి?" అంది.

నాకు అర్థం కాలేదు. వాళ్ల లంకలో సోలార్ పలకలు తక్కువట. అందుకని అక్క రోజూ సాయంత్రం కంప్యూటర్ ఆర్పేసి, పొద్దున్నే మళ్లీ వేస్తుంది. ఆ బటన్ నొక్కినప్పుడల్లా లోపల టక్కుమని చప్పుడొస్తుంది, వేలికి తెలుస్తుంది. మాది నొక్కితే గారెల పిండిలో వేలు దిగినట్టు మెత్తగా దిగి పైకి వస్తోంది. మా దాన్ని ఎప్పుడూ ఆర్పలేదు కాబట్టి ఆ బటన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కకపోతే అది ఎప్పుడో చచ్చిపోయినా మాకు తెలిసే దారి లేదు.

ముందు వైపు ప్లాస్టిక్ మూత లాగేశాం. బటన్ వెనక గోరంత స్విచ్ ఉంది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఆకుపచ్చగా బూజెక్కి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. దాన్నుంచి రెండు సన్నని వైర్లు మదర్‌బోర్డుకి వెళ్తున్నాయి, అంతే. ఇంత పెద్ద ఊరికి అడ్డం పడింది అదా అనిపించింది. కరెంటు డబ్బా పిడుక్కి పోయింది, స్విచ్ ఎప్పుడో పోయింది. రెండు జబ్బులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మేము మొదటిది పట్టుకుని అంతటితో అయిపోయిందనుకున్నాం.

పరుగెత్తి వెళ్లి పేరయ్య మాస్టారిని తీసుకొచ్చాను. ఆయన వంగి స్విచ్‌ని దగ్గరగా చూశారు. తర్వాత, స్విచ్ చేసే పని ఆ రెండు వైర్లనీ ఒక్క క్షణం కలపడమే తల్లీ, చేత్తో కలిపినా ఒకటే, దాంట్లో వచ్చే కరెంటు చీమకి కూడా చాలదు అన్నారు. చీమ మాట ఆయన చెప్పినంత నమ్మకంగా నేను నమ్మలేదు. అక్క ఒక వైరు కొస గీకింది, నేను ఒకటి గీకాను. తనదో వైరు, నాదో వైరు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కొసలు తాకించి తీసేశాం.

ఫ్యాను తిరిగింది.

ఆ చప్పుడు వింటూ అక్కడే కింద కూర్చున్నాను. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి, తర్వాత నాన్న పెట్టుకున్న నీలం రంగు వచ్చింది, తర్వాత పన్నెండు తాళ్లూ వరసగా వచ్చాయి. అక్క కళ్లు తుడుచుకుంటూ, దుమ్ము పడిందంది. ఆ గదిలో మంగళవారమే దుమ్మంతా నేనే ఊడ్చాను.

బయట ఆదివిష్ణు గారు డ్రమ్ముల దగ్గర మనుషులని నిలబెడుతున్నారు. పిడులు వదిలేయండని చెప్పించాం. వదలమన్న ఆజ్ఞ నొక్కాను. పన్నెండు డ్రమ్ములూ మనిషి చెయ్యి లేకుండా, ఒక్క వేగంతో తిరగడం మొదలుపెట్టాయి. డప్పు కొట్టేవాడు కొట్టడం ఆపలేదు. అభ్యాసం చేసినవాళ్లంతా అక్కడే నిలబడి, తిరిగే డ్రమ్ములతో పాటు గాల్లో చేతులు తిప్పారు.

తాళ్లు వదలడం అయిపోగానే కంప్యూటర్ ఆర్పి, డబ్బా విప్పి, అదే చీరలో చుట్టి అక్కకిచ్చాను. అల ఇంకా లేవకముందే ఇల్లు చేరాలని తను వెంటనే బయలుదేరింది. జాగ్రత్త అన్నాను. నువ్వే జాగ్రత్త, నీకు ఈత సరిగా రాదు అంది. వాళ్ల లంక అంచు చేరి చెయ్యి ఊపేదాకా మా అంచునే ఉన్నాను.

శనివారం

తుపాను. నీళ్లు లేచాయి, లంకా లేచింది. అందరం బడిలో ఉన్నాం. రాయడానికి బల్ల కుదురుగా లేదు. వాణి అందరికీ ధైర్యం చెబుతోంది, పిల్లలు దానికి ధైర్యం చెబుతున్నారు. తాళ్లు పట్టి ఉన్నాయి.

ఆదివారం

గాలి పడమటి నుంచి, తగ్గుతోంది. నీటి మట్టం దిగుతోంది. మనుషులందరూ క్షేమం. తోటకూర తెప్ప పోయింది. వంటగది ఈసారి ఉంది.

పొద్దున్న తలుపు తీసి చూస్తే, ఎదురుగా పడమటి లంక ఉంది. దూరంగా కాదు, ఎదురుగా. వాళ్ల వాకిళ్లలో మనుషుల ముఖాలు కనపడేంత దగ్గర. తుపాను దాటాక గాలి తిరిగి పడమటి నుంచి కొట్టింది. మా లంక మడ అడవికి ఆనుకుని ఆగింది, వాళ్ల లంక వదులు తాళ్ల మీద మా వైపుకి కొట్టుకొచ్చింది. ట్యాంకు దగ్గర ఒకసారి గీసుకుందట, గడలతో తోసి గట్టెక్కారట. రెండు లంకల అంచుల మధ్య ఇప్పుడు ఒక బల్లచెక్క పట్టేంత నీరే మిగిలింది.

ముందు వాళ్ల తాళ్లు బిగించుకున్నారు. మా అక్క డబ్బాతో మళ్లీ వచ్చింది. ఈసారి పడవ అక్కర్లేకపోయింది, చెక్క వేసుకుని నడిచి వచ్చింది. పేరయ్య మాస్టారు తమ ఇంటి కాలింగ్ బెల్ బటన్ ఊడదీసి తెచ్చారు. ఎలాగూ ఎవరూ అది నొక్కరు, గుమ్మంలోంచే పేరు పెట్టి పిలుస్తారన్నారు. ఆ రెండు సన్నని వైర్లకూ దాన్ని కట్టాను. నొక్కితే టక్కుమంది. కంప్యూటర్ లేచింది.

తెర మీద పన్నెండు తాళ్లూ వదులుగా కనపడుతున్నాయి. బిగించడం మొదలుపెట్టే ముందు, పాత చోటికి లాగాలంటే ఎంతసేపు పడుతుందో లెక్క చూస్తున్నాను. గదిలో ఆదివిష్ణు గారున్నారు, మాస్టారున్నారు, అక్క వెనకాల నిలబడి ఉంది. అప్పుడు పడమటి తాళ్ల సంగతి అడగాలనిపించింది. మీరు మళ్లీ పాత చోటికి ఎప్పుడు లాక్కుంటారక్కా అని అడిగాను.

"ఎక్కడికీ లాక్కోం. ఉన్న చోటే బిగించాం," అంది.

నా వేలు ఆజ్ఞ మీద ఆగిపోయింది. అంత లోతు కావాలని లంక కోసుకుపోయినవాళ్లు, మా పక్కన, పీతల దగ్గర, లోతు లేని నీళ్లలో తాళ్లు బిగించుకున్నారు. ఇప్పుడు మేము పాత చోటికి లాక్కుంటే మధ్యలో మళ్లీ నీళ్లే. ఆదివిష్ణు గారి వైపు చూశాను. నిర్ణయం ఆయనది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, చాలాసేపు తుడుచుకుంటూ ఉన్నారు. రెండు ఊళ్లకీ కలిపి ఒకటే కరెంటు డబ్బా ఉంది గదమ్మా, రోజూ పడవేసుకుని తెచ్చుకోవడం కష్టం కదా అన్నారు. ఆయన అంతకంటే ఎక్కువ ఒప్పుకునే మనిషి కాదు.

నేను మెల్లగా బిగించడం మొదలుపెట్టాను. వదులు పోయింది, తాళ్లు నీళ్లలోంచి పైకి తేలాయి, లంక కింద ఒక చిన్న కుదుపు తెలిసింది. పాత అలవాటు కొద్దీ ఇంకొంచెం లాగబోయాను.

"చాల్లేవే," అంది అక్క నా భుజం మీద చెయ్యేసి. "ఇంకా ఎక్కడికి లాగుతావు?"

ఆపేశాను.

తాళ్ల బిగువు: పన్నెండూ సమానం.